కాంట్‌ను చదవడం ఎలా? ముందు ఎవరితో తగువు పడుతున్నాడో చూడండి

జర్మన్ తత్త్వవేత్త కాంట్ రాసిన ‘క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్’ కొన్నవాళ్లలో చాలామంది ముప్ఫై నలభై పేజీల దగ్గరే ఆగిపోతారు. కొందరికైతే విషయసూచిక చూడగానే టెన్షన్ మొదలవుతుంది. ట్రాన్సెండెంటల్ ఈస్థెటిక్, ట్రాన్సెండెంటల్ లాజిక్, లాజిక్‌లో ఎనలిటిక్, ఎనలిటిక్‌లో మళ్లీ రెండు భాగాలు, వాటిలో అధ్యాయాలు, అధ్యాయాల్లో సెక్షన్లు. ఇమ్మాన్యుయెల్ కాంట్ 1781లో, తన 57వ ఏట, అచ్చు వేయించిన ఈ పుస్తకాన్ని యూరప్ తత్త్వశాస్త్రంలో కష్టమైన వాటిలో కష్టమైనదిగా చెబుతారు. ఆ పేరు ఊరికే రాలేదు.

ఇంగ్లీషు పత్రికలో సంపాదకీయం చదివి అర్థం చేసుకోగలిగితే ఈ మార్గదర్శి మీకు సరిపోతుంది, ఫిలాసఫీ డిగ్రీ అక్కర్లేదు. కష్టమైన తత్త్వగ్రంథాలన్నిటికీ కలిపి సలహాలు చెబితే అవి ఏ పుస్తకానికీ పనికిరావు కాబట్టి ఒక్క పుస్తకమే తీసుకుంటున్నాను. ఇక్కడ చేయి తిరిగితే స్పినోజా అయినా హెగెల్ అయినా ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది.

పద్ధతి కొత్తదేమీ కాదు. మన శాస్త్రగ్రంథాలు చదివేవాళ్లు పాటించేదే. వేదాంతంలో ప్రతి అధికరణానికీ, అంటే ఒక్కో చర్చకూ, విషయం, సంశయం, పూర్వపక్షం (ఎదుటివాడి వాదం), సిద్ధాంతం (తన తీర్పు), సంగతి (ముందు వెనకలతో సంబంధం) అని ఐదు అంగాలు చెబుతారు. ఎదుటివాడి వాదాన్ని అతనికంటే బలంగా నిలబెట్టాకే దాన్ని ఖండించి తన మాట చెప్పాలి. అలా చదవడం అలవాటైనవాళ్లు సిద్ధాంతం ఒక్కటే విడిగా కనిపిస్తే అనుమానపడతారు: ఇది ఎవరికి జవాబు? కాంట్‌తో చిక్కంతా ఇదే. పుస్తకం మొత్తం జవాబులే, కానీ చాలాచోట్ల ఎవరికి చెబుతున్నాడో చెప్పడు. ఆ పూర్వపక్షాన్ని మీరు వెతికి పక్కన పెట్టుకుంటే సగం చీకటి విడిపోతుంది.

1. కష్టంలో కొంత ఆయన చేసిందేనని ఒప్పుకోండి

అర్థం కాకపోతే మీ తెలివిని తిట్టుకోకండి. 1783లో తోటి తత్త్వవేత్త మోజెస్ మెండెల్‌సన్‌కి రాసిన ఉత్తరంలో కాంట్ స్వయంగా ఒప్పుకున్నాడు: పన్నెండేళ్లపాటు ఆలోచించినదాన్ని నాలుగైదు నెలల్లో, పరుగు మీద ఉన్నట్టు రాసేశానని, విషయం మీద పెట్టిన శ్రద్ధ చదివేవాళ్ల సౌకర్యం మీద పెట్టలేదని.

మొదటి కూర్పు ముందుమాటలో ఇంకో సంగతి ఉంది. తొలి చిత్తులో ఉదాహరణలు ఉండేవి, పుస్తకం మరీ లావైపోతుందని తీసేశాడు. పుస్తకం పొడవుని పేజీలతో కాకుండా అర్థం కావడానికి పట్టే సమయంతో కొలిస్తే, ఇంత పొట్టిగా రాయకపోతే ఇంకా పొట్టిగా ఉండేవనిపించే పుస్తకాలు ఎన్నో ఉన్నాయని టెరాసన్ అనే ఫ్రెంచి రచయిత అన్న మాటను అక్కడే గుర్తుచేస్తాడు. వెంటనే దాన్ని తిప్పి, ఇంత స్పష్టంగా చెప్పాలని తాపత్రయపడకపోతే ఇంకా స్పష్టంగా ఉండే పుస్తకాలూ ఉన్నాయంటాడు. చమత్కారం బాగానే ఉంది. నష్టం మాత్రం మనకి.

పండితులు కూడా తప్పించుకోలేదు. 1782లో గోటింగెన్‌లో వచ్చిన సమీక్ష దీన్ని బర్క్‌లీ తరహా ఐడియలిజంగా, అంటే వస్తువులు మనసులోని తలపులే అనే వాదంగా, చదివింది. కాంట్‌కు ఒళ్లు మండి మరుసటి ఏడాది ‘ప్రొలెగోమెనా’ అనే చిన్న పుస్తకం రాసి, చివర్లో ఆ సమీక్షకుడికి గట్టిగా సమాధానం చెప్పాడు. కోపంలో రాసినందుకో ఏమో, అది చాలా తేటగా ఉంటుంది. మన పని తేలిక చేసేది అదే.

కాబట్టి మీ మీద రెండు పనులున్నాయి. ఆయన తీసేసిన ఉదాహరణలు మీరు తిరిగి పెట్టుకోవాలి. ఆయన చెప్పకుండా వదిలేసిన ప్రత్యర్థిని మీరు పట్టుకోవాలి.

2. ఏ ప్రతి కొనాలి

1787లో రెండో కూర్పు వచ్చింది. కొన్ని భాగాలు పూర్తిగా తిరగరాశాడు. పండితులు మొదటి కూర్పుని ఎ అని, రెండోదాన్ని బి అని పిలిచి, ఆ అసలు పేజీ సంఖ్యలతోనే మాట్లాడుకుంటారు. ఎ51/బి75 అంటే ఏ భాషలోనైనా, ఏ అనువాదంలోనైనా అదే చోటు. మీరు కొనే పుస్తకంలో మార్జిన్‌లో ఈ అంకెలు ఉండాలి. లేకపోతే ఎవరి వ్యాఖ్యానం చదివినా, ఏ లెక్చర్ విన్నా, వాళ్లు ఎక్కడి గురించి మాట్లాడుతున్నారో వెతుక్కోవడమే సరిపోతుంది.

ఇంగ్లీషులో పాల్ గయర్, ఆలెన్ వుడ్ కలిసి చేసిన అనువాదం (కేంబ్రిడ్జ్, 1998) ఇప్పుడు పండితులు ఎక్కువగా వాడేది. వెర్నర్ ప్లూహర్ అనువాదం (1996) చదవడానికి కాస్త సాఫీగా ఉంటుంది, ఫుట్‌నోట్లు కూడా సాయం చేస్తాయి. నార్మన్ కెంప్ స్మిత్‌ది (1929) పాతది, ఇంగ్లీషు మాత్రం బాగుంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే మైకల్‌జాన్ అనువాదం (1855) నెట్‌లో ఉచితం. ఋగ్వేదాన్ని అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ 1881లో దీన్ని కూడా అనువదించాడు, మొదటి కూర్పుకి విలువిచ్చి. ఉచితంగా దొరుకుతున్నాయని ఈ పాతవాటితో మొదలుపెట్టొద్దు, చివరికి సమయం రూపంలో ఎక్కువ కట్టాల్సి వస్తుంది. ఇంగ్లీషు బరువనిపిస్తే జోనథన్ బెనెట్ సులభం చేసి నెట్‌లో ఉచితంగా పెట్టిన పాఠం ఉంది. దాన్ని పక్కన తెరిచి ఉంచుకోవచ్చు, అసలు బదులు మాత్రం చదవకండి. వాక్యాలు విడగొట్టే పని అంతా ఆయనే చేసేశాడు, ఆ పనే మీకు రావాలి.

గయర్–వుడ్ ప్రతిలో అనువాదకుల ముందుమాట చాలా పొడవు. మొదట చదవొద్దు. పుస్తకం సగమయ్యాక చదివితే ప్రతి పేరా పనికొస్తుంది.

3. అసలు పుస్తకానికి ముందు కొంచెం హ్యూమ్

కాంట్‌కు ఉన్న ప్రధాన పూర్వపక్షాలు రెండు. ఒకవైపు లైబ్నిజ్, ఆయన దారిలో వోల్ఫ్. వీళ్ల ప్రకారం అనుభవం అవసరం లేకుండా కేవలం బుద్ధితోనే దేవుడు, ఆత్మ, ప్రపంచం గురించి నిజాలు తెలుసుకోవచ్చు. రెండోవైపు డేవిడ్ హ్యూమ్. ఆయన ప్రకారం అనుభవం చూపించేది ఒకదాని తర్వాత ఒకటి జరగడం మాత్రమే. నిప్పు ముట్టుకుంటే కాలుతుందనడంలో ఆ ‘కాలి తీరుతుంది’ అనే గట్టిదనం మన అలవాటు నుంచి వచ్చింది, లోకంలో ఎక్కడా కనబడదు. తనను మత్తునిద్ర నుంచి లేపింది హ్యూమేనని ప్రొలెగోమెనా ముందుమాటలో కాంట్ చెబుతాడు.

హ్యూమ్ 1748లో రాసిన ‘ఎంక్వైరీ’లో నాలుగు, ఐదు సెక్షన్లు చదవండి. రెండు సాయంత్రాల పని. రేపు సూర్యుడు ఉదయిస్తాడనే నమ్మకానికి ఆధారమేమిటని అడిగి, ఒక బిలియర్డ్ బంతి ఇంకోదాన్ని తాకే ఉదాహరణ తీసుకుంటాడు. చదివాక పుస్తకం మూసి, హ్యూమ్ తరఫున మీరే వాదించండి. ఆయన వాదం తిరుగులేనిదని మీకు నిజంగా అనిపించాలి. పూర్వపక్షం బలహీనంగా ఉంటే ఇంత లావు సిద్ధాంతం ఎందుకో అర్థం కాదు. తర్వాత ప్రొలెగోమెనా ముందుమాట ఒక్కటి చదివి అసలు పుస్తకంలోకి దిగండి.

4. మధ్యలోంచి మొదలుపెట్టండి

మొదటి పేజీ నుంచి వరుసగా చదవాలనే పట్టుదలే చాలామందిని ముంచుతుంది. 1781లో తన శిష్యుడు మార్కస్ హెర్జ్‌కి రాసిన ఉత్తరంలో కాంటే అంటాడు: జనానికి నచ్చేలా రాయాలంటే ‘ఎంటినమీ’ (ఎదురెదురు వాదాలు రెండూ రుజువైనట్టు కనబడే చిక్కు) భాగంతో మొదలుపెట్టి ఉండేవాణ్ని, ఈ తగువు మూలం ఎక్కడుందో తెలుసుకోవాలని చదివేవాళ్లకు కోరిక పుట్టేది, అని. రచయితే చూపించిన అడ్డదారి ఇది. వాడుకోండి.

కాబట్టి మొదటి రోజు తెరవాల్సింది ఎ426/బి454. పుస్తకం మొత్తంలో పూర్వపక్షం, ప్రతిపక్షం పేర్లు పెట్టుకుని ఎదురెదురుగా నిలబడే చోటు ఇదొక్కటే. అసలు ముద్రణలో థీసిస్ (ఒక వాదం) ఎడమ పేజీలో, ఎంటీథీసిస్ (దాని ఎదురు వాదం) కుడి పేజీలో ఉండేవి.

మొదటి జంట చూడండి. ఎడమవైపు: ప్రపంచానికి కాలంలో ఆరంభం ఉంది. రుజువు ఏమిటంటే, లేదనుకుందాం, అప్పుడు ఈ క్షణానికి ముందు అనంతమైన స్థితులు ఒకదాని తర్వాత ఒకటి గడిచిపోయి ఉండాలి. అనంతం అంటేనే ఒక్కొక్కటిగా పోతూ ఎన్నటికీ పూర్తికానిది. పూర్తికానిది పూర్తయి ఇక్కడిదాకా ఎలా వచ్చింది? కాబట్టి ఆరంభం ఉంది. కుడివైపు: ఆరంభం లేదు. రుజువు: ఉందనుకుందాం, దానికి ముందు ఖాళీ కాలం ఉండాలి. ఖాళీ కాలంలో ఒక క్షణానికి, ఇంకో క్షణానికి తేడా ఉండదు. ఫలానా క్షణంలోనే ప్రపంచం మొదలవడానికి కారణమేదీ దొరకదు. కాబట్టి ఆరంభం లేదు.

ఇప్పుడు గమనించండి. రెండు రుజువులూ ఒకే ఎత్తు వేశాయి. ఎదుటివాడి మాట నిజమనుకుని, దాన్నుంచి తప్పు లాగి, అతన్ని ఓడించాయి. సొంత కాళ్ల మీద ఏదీ నిలబడలేదు. ఇద్దరూ ఒకరినొకరు ఓడించగలిగితే, ఇద్దరూ కలిసి చెప్పకుండా ఒప్పుకున్నది ఏదో తప్పయి ఉండాలి. ఆ ఒప్పుకోలు ఏమిటో కాగితం మీద రాయడానికి ప్రయత్నించండి. కాంట్ జవాబు వంద పేజీల లోపే వస్తుంది: ‘ప్రపంచం మొత్తం’ అనేది మనం చూసినా చూడకపోయినా ఒక వస్తువుగా, పూర్తిగా, ముందే అక్కడ ఉందని ఇద్దరూ అనుకున్నారు. అది తీసేస్తే మొదటి రెండు జంటల్లో రెండు పక్షాలూ అబద్ధమవుతాయి. స్వేచ్ఛ గురించిన మూడో జంటలో మాత్రం రెండూ, వేర్వేరు అర్థాల్లో, నిజం కావడానికి వీలుంటుంది. ఈ తేడా దగ్గర కాసేపు ఆగండి. కాంట్ నీతిశాస్త్రమంతా ఆ సందులోంచే బయటికొస్తుంది.

ఎంటినమీ చదివాక వెనక్కి వెళ్లండి. ఇప్పుడు మీ చేతిలో ఒక ప్రశ్న ఉంది, పుస్తకం దానికి జవాబు. నేను చెప్పే వరుస ఇది: రెండో కూర్పు ఉపోద్ఘాతం (బి1 నుంచి బి30), రెండో కూర్పు ముందుమాట, స్థలకాలాల మీద ఈస్థెటిక్ (బి33 నుంచి బి73), తర్వాత కార్యకారణాల మీద సెకండ్ ఎనాలజీ, దేవుడనే భావన నుంచే ఆయన ఉనికిని తేల్చే రుజువు మీద ఎ592/బి620 నుంచి పది పేజీలు. అన్నిటికంటే చివర, డిడక్షన్.

ఆ పది పేజీలు మధ్యలో విశ్రాంతిలా ఉంటాయి. నూరు థాలర్ల నాణేలు ఉన్నాయని ఊహించుకోవడానికి, నిజంగా జేబులో ఉండడానికి భావనలో తేడా ఏమీ లేదు, నా ఆస్తిలో మాత్రం బోలెడు తేడా ఉందని కాంట్ చెప్పేది అక్కడే. పూర్వపక్షం ఎవరిదో, ఎందుకో వెంటనే తెలిసిపోయే అరుదైన చోటు.

5. ఒక పేరాను పట్టుకోవడం

గంటకు మూడు నాలుగు పేజీలు చాలు. వేగం పెంచితే కళ్లు పరిగెడతాయి, బుర్ర వెనకబడుతుంది.

ప్రతి పేరానీ మూడుసార్లు చదవండి. మొదటిసారి పెన్సిల్‌తో కీళ్లు మాత్రం గుర్తించండి: బట్, దేర్‌ఫోర్, ఫర్, హెన్స్ లాంటి మాటలు. కాంట్ వాక్యం మధ్యలో మూడు చిన్న వాక్యాలు దూర్చేస్తాడు. వాటిని తాత్కాలికంగా కొట్టేసి, మిగిలిన కర్త, క్రియ కలిపి చదవండి. రెండోసారి మార్జిన్‌లో ఎవరి మాట ఏదో రాయండి. పూ అంటే పూర్వపక్షం, సి అంటే సిద్ధాంతం. కాంట్ ఎదుటివాడి వాదాన్ని తన గొంతుతోనే చెబుతూ పోతాడు, హెచ్చరించడు. అర పేజీ తర్వాత ‘కానీ’ అన్నప్పుడు గాని అది ఆయన మాట కాదని తెలియదు. మూడోసారి మీ సొంత ఉదాహరణ ఒకటి పెట్టండి. పెట్టలేకపోతే పేరా అర్థం కాలేదని లెక్క.

బి1 తెరిస్తే మొదటి వాక్యమే ఇలా ఉంటుంది: మన జ్ఞానమంతా అనుభవంతోనే మొదలవుతుంది, అందులో సందేహం లేదు. ఇక్కడ మార్జిన్‌లో పూ అని రాయాలి. ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్, హ్యూమ్ చెప్పేది ఇదే, కాంట్ మారుమాట లేకుండా ఒప్పుకుంటున్నాడు. రెండో పేరా: అనుభవంతో మొదలైనంత మాత్రాన అంతా అనుభవం నుంచే పుట్టిందని కాదు. ఇది సి. ‘తో మొదలవడం’, ‘నుంచి పుట్టడం’ అనే రెండిటి మధ్య సన్నని సందు తెరిచి, అందులో తన పుస్తకం మొత్తం పెట్టాడు. ఆ తర్వాతి వాక్యంలో ఒక చిన్న మాట చాలామంది దాటేస్తారు. మన అనుభవ జ్ఞానంలో కూడా ఒక భాగం మన బుద్ధి తనలోంచి చేర్చినది ‘అయి ఉండవచ్చు’ అంటాడు, ‘అయి ఉంది’ అనడు. ఇంకా రుజువు చేయలేదు కదా. కాంట్ ఎక్కడ ‘కావచ్చు’ అంటాడో, ఎక్కడ ‘కావాలి’ అంటాడో, ఎక్కడ ‘అవుతుంది’ అంటాడో వేర్వేరు రంగుల్లో గీసుకుంటే వాదం ఎంతవరకు వచ్చిందో మ్యాప్‌లా కనబడుతుంది.

6. ఒక పూర్తి వాదం: ఇల్లు, ఓడ

ఇప్పుడు సెకండ్ ఎనాలజీకి వద్దాం (ఎ189/బి232 నుంచి). హ్యూమ్‌కు కాంట్ ఇచ్చిన నేరు సమాధానం ఇక్కడుంది. దయతలచి రెండు ఉదాహరణలు కూడా ఉంచాడు.

ముందు పూర్వపక్షం రాసుకోండి: మనకు కనబడేది ఒకదాని తర్వాత ఒకటి రావడమే, కారణం అనేది అలవాటు కలిపిన మాట.

కాంట్ ఒక ఇంటి ముందు నిలబెడతాడు. పైకప్పు చూస్తాను, కిటికీలు చూస్తాను, పునాది చూస్తాను. నా చూపులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఇంట్లో మాత్రం ఏదీ ఒకదాని తర్వాత ఒకటి జరగలేదు, పైకప్పూ పునాదీ ఒకేసారి ఉన్నాయి. కింద నుంచి పైకి చూసినా ఫరవాలేదు. తర్వాత ఏటి వాలులో పోతున్న ఓడ. ముందు ఎగువన కనబడింది, తర్వాత దిగువన. ఇక్కడా చూపులు ఒకదాని తర్వాత ఒకటే. కానీ ఈసారి నిజంగానే ఏదో జరిగింది. ఈ వరస తిప్పడానికి నాకు వీల్లేదు.

హ్యూమ్‌ను అడగాల్సిన ప్రశ్న ఇక్కడ పుడుతుంది. రెండు సందర్భాల్లోనూ నా మనసులో ఉన్నది చూపుల వరసే. మరి ఒకచోట ‘సంఘటన జరిగింది’ అని, ఇంకోచోట ‘జరగలేదు’ అని ఎలా తెలిసింది? చూపులను ఎంత తరచి చూసినా ఆ తేడా వాటిలో దొరకదు. వరస ఇలాగే ఉండాలి, తిప్పడానికి లేదు అనే నియమం ఏదో ఉంటేనే దాన్ని సంఘటన అనగలం. అంటే హ్యూమ్ ‘ఒకదాని తర్వాత ఒకటి జరగడం కనబడుతుంది’ అని ఉచితంగా తీసుకున్న మాటలోనే, ఆయన కాదన్న నియమం దాక్కుని ఉంది.

ఇంతవరకు అర్థమైతే చప్పట్లు కొట్టి ముందుకు పోకండి. సిద్ధాంతం మీద మళ్లీ ఆక్షేపం పెట్టండి. చూపుల వరస తిప్పడానికి వీల్లేదన్న మాట నుంచి, ముందు స్థితి తర్వాతి స్థితికి కారణమన్న మాటకు కాంట్ ఎలా దూకాడు? మొదటిది నా చూపుల గురించి, రెండోది ఓడ గురించి. బ్రిటిష్ తత్త్వవేత్త పి.ఎఫ్. స్ట్రాసన్ 1966లో సరిగ్గా ఇక్కడే వేలు పెట్టి, ఇది తర్కంలో ఘోరమైన జారుడు అన్నాడు. కాదు, స్ట్రాసన్ కాంట్‌ను తప్పుగా చదివాడని హెన్రీ ఆలిసన్ వంటి వాళ్లు సమాధానం చెప్పారు. నా మటుకు స్ట్రాసన్ ప్రశ్న న్యాయమైనదే అనిపిస్తుంది, కానీ అది కాంట్‌ను కూలదోసేంత పెద్దది కాదు. మీ తీర్పు మీరు రాసుకోండి, తేదీ వేసి. ఆరు నెలల తర్వాత చదివితే సరదాగా ఉంటుంది.

7. మనకు ప్రత్యేకంగా తగిలే రాళ్లు

వేదాంతం చెవిన పడుతూ పెరిగినవాళ్లకు కాంట్ ఒక చోట మరీ సులభంగా అర్థమైపోతాడు. మనకు తెలిసేది అపియరెన్సులు (వస్తువులు మనకు కనబడే తీరు) మాత్రమే, వస్తువు తనంతట తాను ఎలా ఉందో తెలియదు అని చదవగానే ‘ఓహో, జగన్మిథ్య’ అనుకుంటాం. అక్కడితో పుస్తకం చేజారినట్టే. తాడును చూసి పామనుకున్నప్పుడు, తాడని తెలియగానే పాము పోతుంది. కాంట్ చెప్పే అపియరెన్స్ ఏ జ్ఞానం వచ్చినా పోదు. భౌతికశాస్త్రమంతా దాని గురించే, అది నిజం కూడా. నేను అపియరెన్స్ అన్నాను, భ్రమ అనలేదని బి69లో విడిగా చెబుతాడు. రెండో కూర్పులో ఐడియలిజాన్ని ఖండిస్తూ ఒక సెక్షన్ కొత్తగా చేర్చాడు (బి274). 1782 సమీక్షకుడు పడిన గుంటలోనే మనమూ పడుతున్నామన్నమాట, దారి వేరే అయినా. కాంట్‌ను శంకరుడితోనో నాగార్జునుడితోనో పోల్చడం తప్పు కాదు. 1955లో టి.ఆర్.వి. మూర్తి మాధ్యమిక తత్త్వం మీద రాసిన పుస్తకంలో ఆ పని విస్తారంగా చేశారు. కానీ పోలిక రెండో చదువుకి ఉంచుకోండి.

ఇంకో రాయి ‘ఎ ప్రయోరి’, అంటే అనుభవం మీద ఆధారపడని జ్ఞానం. పుట్టుకతో వచ్చిన జ్ఞానం అనో, కాలంలో ముందు వచ్చేది అనో చాలామంది అనుకుంటారు. కాంట్ గుర్తులు వేరే: తప్పనిసరి కావడం, మినహాయింపు లేకుండా అన్నిటికీ వర్తించడం (బి4). ఏడూ ఐదూ పన్నెండని చింతగింజలతోనే నేర్చుకున్నా అది ఎ ప్రయోరి కావడానికి అడ్డేమీ లేదు. అలాగే ‘ఇంట్యూషన్’ అని కనబడితే మనసులో తట్టిన ఊహ అనుకోకండి. ఒక్క వస్తువు నేరుగా మనకు అందడం, అంతే. నోటుబుక్ చివరి పేజీలో ఇలాంటి మాటలు ఓ పదిహేను, పక్కన కాంట్ అర్థం తెలుగులో ఒక్క ముక్కలో రాసుకోండి. మాటను అనువదించాలని తంటాలు పడొద్దు.

8. ఎక్కడ వదిలేయాలి, ఎవరి సాయం అడగాలి

కొన్ని చోట్ల ఆగకుండా దాటేయొచ్చు. కేటగిరీలంటే కారణం, ద్రవ్యం లాంటి, బుద్ధి తనలోంచి తెచ్చే మూలభావనలు; వాటి పట్టికలో పన్నెండే ఎందుకు, పదకొండు ఎందుకు కాకూడదు అని మొదటి చదువులో కూర్చోకండి. ఆ కేటగిరీలు అనుభవానికి ఎలా అతుకుతాయో చెప్పే స్కీమాటిజం అధ్యాయం దగ్గర ఏమీ తోచకపోతే దిగులొద్దు. అది మనిషి ఆత్మ లోతుల్లో దాగిన కళ అని, దాని రహస్యం ప్రకృతి నుంచి లాగడం కష్టమని కాంటే చేతులెత్తేస్తాడు (ఎ141/బి180). చివరి ‘డాక్ట్రిన్ ఆఫ్ మెథడ్’ తర్వాత చూసుకోవచ్చు.

నెట్‌లో స్టాన్‌ఫర్డ్ ఫిలాసఫీ ఎన్‌సైక్లోపీడియా వ్యాసాలు ఉచితం, నమ్మదగినవి. అయితే ముందు మూలం చదివి, మీ సొంత మూడు వాక్యాలు తెలుగులో రాసి, తర్వాతే వాటిని తెరవండి. తెలుగులోనే రాయమనడానికి కారణం ఉంది. ఇంగ్లీషులో రాస్తే కాంట్ వాక్యాన్నే అటూ ఇటూ మార్చి, అర్థమైందని మనల్ని మనం మభ్యపెట్టుకుంటాం. తెలుగులో ఆ దొంగతనం కుదరదు. చాట్‌బాట్‌ను వాడేవాళ్లు సారాంశం అడగకండి. మీరు రాసిన మూడు వాక్యాలు ఇచ్చి, హ్యూమ్ తరఫున ఆక్షేపించమని అడగండి. అది చెప్పే పేజీ సంఖ్యల్ని మాత్రం పుస్తకంలో చూసుకోకుండా నమ్మొద్దు.

తోడు ఒక్కరు దొరికినా మంచిదే. వారానికోసారి ఫోన్‌లో అయినా సరే, ఒకరు పూర్వపక్షం, ఒకరు కాంట్. వచ్చేవారం అటూ ఇటూ మారాలి. ఇద్దరూ కాంట్ పక్షమే తీసుకుంటే అది భజన అవుతుంది.

9. చివరికి డిడక్షన్

కేటగిరీలు అనుభవానికి వర్తించి తీరాలని కాంట్ నిరూపించే భాగం డిడక్షన్. పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టింది ఈ భాగమేనని మొదటి ముందుమాటలో కాంట్ స్వయంగా అంటాడు. రెండో కూర్పుకి దీన్ని మొత్తం తిరగరాశాడు. ఆ రెండోదే చదవండి, బి129 నుంచి బి169 దాకా. అది 15 నుంచి 27 వరకు అంకెలు వేసిన సెక్షన్లుగా ఉంటుంది. 20 దగ్గర ఒక వాదం పూర్తవుతుంది, 21లో ఇది ఆరంభం మాత్రమేనని చెబుతాడు, అసలు పని 26లో ముగుస్తుంది. మొదటిసారి 20 దగ్గర ఆగి, మొదటికి వెళ్లి మళ్లీ చదవండి. మిగతా సగం తర్వాత.

16వ సెక్షన్ మొదటి వాక్యం మీద ఒక పూట పెట్టినా ఎక్కువ కాదు. ‘నేను ఆలోచిస్తున్నాను’ అనేది నా తలపులన్నిటికీ తోడుగా రాగలగాలి అంటాడు. ఇక్కడ పూర్వపక్షాలు ఇద్దరివి, చెరోవైపు. 1739లో హ్యూమ్ అన్నాడు: నాలోకి చూసుకుంటే వేడి, చలి, ప్రేమ, ద్వేషం ఇలాంటివే తగులుతాయి, ‘నేను’ అనేది ఎక్కడా దొరకదు. దానికి ముందు డెకార్ట్ ఇదే ‘ఆలోచిస్తున్నాను’ నుంచి ఆత్మ ఒక ద్రవ్యమని, అంటే తనంతట తాను ఉండే వస్తువని, తేల్చాడు. కాంట్ ‘నేను’ దొరికిందనలేదు. ద్రవ్యమనీ అనలేదు. ‘వస్తుంది’ అని కూడా అనలేదు, ‘రాగలగాలి’ అన్నాడు. నోటుబుక్‌లో ఎడమవైపు హ్యూమ్, కుడివైపు డెకార్ట్ రాసి, మధ్యలో ఆ ఒక్క క్రియాపదం పెట్టి, అది ఇద్దరినీ ఎలా ఆపుతోందో నాలుగు వాక్యాల్లో తేల్చుకున్నాక 17వ సెక్షన్‌కి వెళ్లండి.